పదింటి కోడలు

ఆరు కాకముందే వంటింట్లో గిన్నెలు మోగాయి. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, ఈ ఇంట్లో వారం రోజులుగా కోడలి మీద కోపమంతా గిన్నెల మీదే.

అత్తాకోడళ్లిద్దరిదీ ఒకే హోటల్లో గదులు శుభ్రం చేసే పని. అత్తగారు ఇరవై రెండేళ్లుగా నాలుగో అంతస్తుకు మహారాణి. అలాంటిది, పోయిన సోమవారం మేనేజరు ఆవిడను కింద దుప్పట్ల గదికి మార్చి, ఆ అంతస్తు కోడలికిచ్చాడు. పైగా కోడలు ఏడింటికి బదులు పదింటికి రావచ్చన్నాడు. ఇంకేముంది! తోటివాళ్లు ‘పదింటి కోడలు’ అని పేరు పెట్టి, అత్తను ఆ పిల్లే కిందికి దింపించిందని చెవులు కొరుక్కున్నారు.

"నిజం చెప్పు. నా అంతస్తు నీకెందుకిచ్చారు?"

పాపకు జడ వేస్తున్న కోడలు తలెత్తలేదు. "మేనేజరు గారినే అడగండి అత్తయ్యా."

"అడుగుతా! తిరిగివ్వకపోతే ఇవాళే పని మానేస్తా!"

"మానేస్తే రోజూ నువ్వే నన్ను బడికి తీసుకెళ్తావా నాన్నమ్మా?" అంది పాప ఆశగా.

హోటలుకెళ్లగానే అత్తగారు అన్నంత పనీ చేసింది. మేనేజరు తల పట్టుకుని సొరుగులోంచి ఓ కాగితం తీశాడు. "మీ కోడలు చూపించొద్దంది. మీరు మానేస్తానంటుంటే ఇంకా దాచి ఏం లాభం?"

కోడలి గుండ్రటి రాత. ‘పాపని బడిలో దింపి పదింటికి వస్తాను. ఆలస్యంగా ఖాళీ అయ్యే గదులు ఎవరికీ ఇష్టం ఉండవు, అవన్నీ నేను చేస్తాను. మా అత్తయ్య గదులూ నాకే ఇవ్వండి. మోకాళ్లు నొప్పని ఆవిడ చెప్పరు. కూర్చుని చేసే పనివ్వండి. నేనడిగానని మాత్రం చెప్పొద్దు. ఆవిడకి పౌరుషం ఎక్కువ.’

అత్తగారి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. వారంగా మోకాళ్లు ఎందుకు సలపడం లేదో అప్పుడు తట్టింది.

పదిన్నరకు నాలుగో అంతస్తులో కోడలు ఒక్కతే పెద్ద మంచం మీద దుప్పటి పరుస్తోంది. అత్త వచ్చి రెండో కొస పట్టుకుంది.

"నాకు పౌరుషం ఎక్కువా?"

కోడలు నాలుక్కరుచుకుంది. "కొంచెం... అత్తయ్యా."

"కొంచెమేంటే, బోలెడు! వారం రోజులు ఆడిపోసుకున్నాను. ఒక్క మాట అనలేదేమే తల్లీ!"

"మీరు కూర్చుని పనిచేస్తున్నారు కదా, చాలనుకున్నా."

గుమ్మం దగ్గర నలుగురు తొంగి చూస్తున్నారు. అత్త గొంతు పెంచింది. "అవునర్రా, మా పదింటి కోడలే నన్ను కిందికి దింపించింది! మీకూ ఇలాంటిదే దొరకాలని కోరుకోండి!"

అందరూ ఘొల్లున నవ్వారు. అత్త కళ్లు తుడుచుకుని దిండుకు గలీబు తొడిగింది.

"ఇంకో కాగితం రాసిపెట్టవే."

"ఏమని?"

"మనిద్దరికీ ఒకే రోజు సెలవు కావాలని. అందరం కలిసి ఓ మధ్యాహ్నం అన్నం తిని మూడేళ్లయింది." దిండు సర్దుతూ నవ్వింది. "సంతకం నేను పెడతా. ఈసారి అడిగింది ఎవరో ఊరంతా చెప్పుకో!"