గోపమ్మ ముగ్గు మీద తిరిగిన బండి

తొప్పూరు కనుమ దిగువనున్న మామిడిగుజ్జు గోదాముకు చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే అక్కడి సరుకుల బండి మూడో స్తంభం దగ్గర గిరగిరా తిరుగుతుందట. తిప్పేది, అక్కడే కుప్పకూలి చనిపోయిన గోపమ్మట. ఆమె పోయాకే బండికి ఈ తిరుగుడు పట్టుకున్నదని ఒట్టేసి మరీ చెబుతారు. ఒట్టుకు ఖర్చు లేదు కనుక, నిజమేనా అని ఎవరూ అడగలేదు.

బండికి తోసే మనిషి అక్కరలేదు. నల్లని కడపరాళ్ల నేల మీద అంటించిన తెల్లపట్టీయే దాని దారి. అడుగున ఎడమా కుడీ చిన్న కళ్లుంటాయి. అవి వదిలే వెలుతురును తెలుపు తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఎడమ కంటికి తెలుపు తగిలితే ఎడమ చక్రం నెమ్మదించి, బండి అటు మళ్లుతుంది. దాని జ్ఞానమంతా ఇంతే. దాన్ని చూసి వణికేవాళ్లకు ఆపాటి జ్ఞానమూ లేదు.

గోపమ్మ కూతురు మోహనప్రియకూ ఆ గోదాములోనే పని. శుక్రవారం మంత్రగాడు వచ్చి, దెయ్యమైందంటున్న తన తల్లిని చింతచెట్టుకు మేకుతో దిగ్గొడతాడని విన్నది. గురువారం సందెచీకట్లో లోపలికి అడుగుపెట్టింది.

"పోవద్దు పాపా…" కావలి మాదేశ్వరన్ గుసగుసలాడినాడు. "మీ అమ్మ కోపంగా ఉండాది."

"బతికినన్నాళ్లూ నీ మీద కోపమే కదా మామా. అప్పుడు మేకు కొట్టలేదే?"

సన్నని గరగర… చీకట్లోంచి బండి వచ్చింది. మూడో స్తంభం చేరింది… తడబడింది — పట్టీని వదిలేసి పక్కకు మళ్లింది. ఒక చుట్టు. మరొక చుట్టు…

మాదేశ్వరన్ చేతులు జోడించినాడు. "చూస్తివా? దినామూ ముగ్గేసి దీపం పెడతాండాము. పెద్ద ముగ్గేస్తే ఇంకా పెద్దగా తిరగతాది!"

మోహనప్రియ చూపు బండిని విడిచి నేల మీదికి దిగింది. తడిపిండితో, పట్టీ అంత మందాన, ఎక్కడా తెగని మెలిక ముగ్గు — బండి దారికి అడ్డంగా.

ఆమె బకెట్టుతో నీళ్లు కుమ్మరించి ముగ్గంతా తుడిచేసింది. బండి దిక్కుతోచక ఆగిపోయింది. మోకాలితో పట్టీ మీదికి నెట్టింది. అది బుద్ధిగా పెట్టెల వైపు సాగిపోయింది.

"కూతురు చెప్తే వినింది సామీ!" మాదేశ్వరన్ కళ్లొత్తుకున్నాడు. బకెట్టును చూసిన కళ్లే, అవతల దెయ్యాన్నీ చూసినాయి.

"పోయినది మా అమ్మ మామా, పేయీ కాదు, దెయ్యమూ కాదు," అన్నది మోహనప్రియ. "ఆయుధపూజ దినం నువ్వు వీడియో తీసి నాకు పంపినావే… గేపకముందా?"

తల్లి గొంతు కోసమే దాన్ని దాచుకున్నది. ఎప్పుడూ కళ్లు మూసుకునే వినేది. ఇప్పుడు కళ్లు తెరిచి చూసింది, అతనికీ చూపించింది.

మూడో స్తంభం దగ్గర పూజ ముగ్గు. పిండి చేతులతో గోపమ్మ. ముగ్గు మీద గిరగిరా తిరుగుతున్న బండి. "థూ, నా ముగ్గు తొక్కేదానికే వచ్చినావా? పో అవతలికి!" వెనక పగలబడి నవ్వుతున్న గొంతు మాదేశ్వరన్‌దే.

వీడియో తేదీ 2023 అక్టోబర్ 23. గోపమ్మ చనిపోయినది అదే ఏడు నవంబర్ 9న.