వట్లూరులో ఆయిల్ ఇంజను

వత్సల పెసరట్టు తిరగేస్తుండగా ముందుగదిలోంచి, గేదె కుడితిలో మూతి పెట్టి ఊదినట్టు ఒక శబ్దం వచ్చింది. అట్టు కాస్తా సగానికి చిరిగింది.

"సింధూరీ! నాన్నగారు ఇప్పుడే కళ్ళు మూశారే. ఆపు దాన్ని!"

"మూయలేదులే," అన్నాడు వెంకట్రాజు వరండాలో పడక్కుర్చీలోంచి. "మూసి మాత్రం లాభమేముంది?"

కొల్లేటిలో చేపల చెరువు గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేశాక ఆ కుటుంబం కలిదిండి వదిలి, కూతురి కాలేజీ దగ్గరని వట్లూరులో అద్దెకు దిగింది. అప్పటికి ఏడాదైంది. కుళాయి నీళ్ళు, గుమ్మంలోకి కూరల బండి, వత్సలకి అన్నీ బాగానే కుదిరాయి, మొగుడి నిద్ర తప్ప. గసగసాల పాలు ఇచ్చింది. తలకి ఆముదం పెట్టింది. మంచం నాలుగు దిక్కులకీ తిప్పింది. డాక్టరుగారి మాత్రలు కూడా అయ్యాయి. రెండు నిమిషాలు కునుకు పట్టేది, ఉలిక్కిపడి లేచేవాడు. మనిషి సగమైపోయాడు.

అలాంటి ఇంట్లోకి వారం క్రితం ఆ పెట్టె వచ్చింది.

కీబోర్డు కొనుక్కుంటానని సింధూరి అడిగినప్పుడు, ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లకి కాస్త సంగీతం కూడా ఉంటే మంచిదేగా అని వత్సలే ఒప్పుకుంది. చెన్నైలో ఎవరో స్టూడియో మూసేస్తుంటే సీనియర్ ద్వారా తెప్పించుకుంది పిల్ల. తీరా చూస్తే మీటలున్నాయి గానీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మీటల వెనకాల ఇనప అర. అందులో వరసగా మరలతో బిగించిన చిన్న చిన్న పలకలు. పలకల నిండా చిల్లులు. విడిగా ఒక సంచీడు రంగురంగుల తీగలు.

"చెడిపోయింది అంటగట్టారా ఏంటే?"

"కాదమ్మా. దీన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. శబ్దాన్ని మొదట్నుంచీ మనమే తయారుచేసుకోవాలి. ఈ పలక గొంతు. ఇది దాన్ని లావుగానో సన్నగానో చేస్తుంది. ఇదేమో తలుపు, తెరిస్తేనే బయటికొస్తుంది. తీగలతో కలపకపోతే ఎవరి దారి వాళ్ళదే."

"అయితే పాట రాదా?"

"నేర్చుకోవాలి."

"నువ్వు నేర్చుకోవడం సరే. అది నేర్చుకుని రాకూడదూ?"

పక్కింటి సూర్యకాంతం మాత్రం కీర్తన వినడానికి సున్నుండలు పట్టుకుని మరీ వచ్చింది. సింధూరి పాత టేప్ రికార్డర్ స్పీకర్లకి కలిపి, రెండు తీగలు గుచ్చి, మీట నొక్కింది. కుళాయిలో నీళ్ళకి ముందు గాలొచ్చినట్టు ఏదో వచ్చింది. సూర్యకాంతం మర్యాదస్తురాలు. "బాగుందమ్మా. ఇంకా ఆలాపనలోనే ఉన్నట్టుంది," అని కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఇవాళ పెసరట్టు కూడా చిరిగేసరికి వత్సల అట్లకాడతోనే ముందుగదిలోకి వచ్చింది.

"సాయంత్రం ఆటో అబ్బాయిని రమ్మంటున్నాను. పార్సిల్ ఆఫీసులో వేసి చెన్నైకి పంపించెయ్."

"అమ్మా! ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. ఒక్క వారం!"

"వారం ఆగితే మీ నాన్నగారు మంచం పడతారు."

"ఇది రాకముందు మాత్రం నాన్న పడుకున్నారా?"

ఆ మాటకి వత్సలకి ఇంకా కోపం వచ్చింది. "ఇరవయ్యేళ్ళు ఆ చెరువు గట్టు మీద నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను మోత పడ్డాను. హమ్మయ్య, వదిలిందిరా దేవుడా అనుకుంటే నువ్వు ఇంకోటి తెచ్చి నట్టింట్లో పెట్టావు. అది పోవాల్సిందే!"

వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "పోతుందిలే. పోయేముందు ఉన్న తీగలన్నీ ఒకసారి గుచ్చేస్తాను," అంటోంది సింధూరి ఉక్రోషంగా. కాసేపు టక్కు టక్కుమని తీగలు గుచ్చిన చప్పుడు. తర్వాత...

డుగ్. డుగ్. డుగ్. డుగ్.

మళ్ళీ అట్లకాడ పుచ్చుకుని వచ్చిన వత్సల వరండా గుమ్మంలోనే ఆగిపోయింది. వెంకట్రాజు తల ఒక పక్కకి వాలి ఉంది. నోరు తెరుచుకుంది. గురక పెడుతున్నాడు.

సింధూరి ఆపడానికి మీట మీదికి చెయ్యి చాపబోతే, వత్సల అట్లకాడతోనే 'వద్దు' అని సైగ చేసింది. పొయ్యి మీద అట్టు మాడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం దాకా తల్లీకూతుళ్ళు మునివేళ్ళ మీద తిరిగారు. సూర్యకాంతం గోడ మీదుగా, "ఏవండీ, మోటారు కట్టెయ్యడం మర్చిపోయారా?" అని అడిగితే, వత్సల మూతి మీద వేలు పెట్టింది.

మంచినీళ్ళకి లేచిన సింధూరి కాలికి తీగలు చుట్టుకున్నాయి. గుత్తి మొత్తం ఊడి వచ్చింది. శబ్దం ఆగింది.

వెంకట్రాజు ఎగిరి లేచాడు. "డీజిలు అయిపోయింది! నీళ్ళు ఆగితే చేప చచ్చి తేలిపోద్ది!" లుంగీ ఎగ్గట్టి, చెప్పులు కూడా లేకుండా గేటు దాకా పరిగెత్తాడు.

గేటు అవతల కాలేజీ బస్సు హారన్ కొడుతూ పోయింది. గేటు పట్టుకుని బస్సు వెళ్ళిన వైపు చూశాడు.

"చెరువు లేదు కదూ," అన్నాడు. వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

వత్సల గుమ్మంలోంచి చూసింది. ఆ ఇంజను మోతలోనే ఈయన నిద్రపోయేవాడు. అది ఆగితే లేచేవాడు. ఇక్కడేమో అది ఎప్పుడూ ఆగే ఉంది. తనకెందుకు తట్టలేదు? వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఇంజను ఆగితే నాకూ మెలకువ వచ్చేదండీ. చీకట్లో గట్టు మీద మీరొక్కరే కదా అని. మళ్ళీ మొదలైతేగానీ పడుకునేదాన్ని కాదు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"తిట్టేదాన్ని గదండీ. అది చాలదూ?"

వెంకట్రాజు నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. వత్సల కళ్ళు తుడుచుకుని లోపలికి తిరిగింది. "మళ్ళీ పెట్టవే ఆ తీగలు."

సింధూరి తెల్లమొహం వేసింది. "ఏది ఎక్కడ గుచ్చానో గుర్తులేదమ్మా. ఇది ఏదీ దాచుకోదు. తీగ తీస్తే శబ్దం పోయినట్టే."

"అయితే మళ్ళీ తయారుచెయ్. మేం చెబుతాం."

ముగ్గురూ ఆ పెట్టె చుట్టూ చాప వేసుకుని కూర్చున్నారు. సింధూరి ఒకటి గుచ్చింది.

"అది ట్రాక్టరు," అన్నాడు వెంకట్రాజు.

ఇంకోటి గుచ్చింది.

"అది పిండిమర," అంది వత్సల.

"ఇంకాస్త కిందికి, బుజ్జమ్మా. బరువు లాగుతున్నట్టుండాలి. ఆఁ! అదే! అదే నా ఇంజను!"

"కాదండీ," అంది వత్సల. "మధ్యలో ఒకసారి దగ్గేది."

"దగ్గడమేంటి, నా ఇంజను?"

"మీరు దాని పక్కనే పడుకునేవారు, మీకేం తెలుసు? ఇంట్లోంచి వినేదాన్ని నేను. నాలుగు కొట్టి ఒక దగ్గు. నువ్వు పెట్టవే."

సింధూరి నాలుక కొరుక్కుంటూ ఇంకో తీగ గుచ్చి, పలక మీది నాబ్‌ని మెల్లగా తిప్పింది. డుగ్, డుగ్, డుగ్, డుగ్, ఖళ్.

వెంకట్రాజు పై కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "దగ్గేదే," అన్నాడు చివరికి. చాప మీదే ఒరిగాడు.

ఆయన గురక మొదలయ్యాక వత్సల గోడకి ఆనుకుంది. వంటింట్లో మాడిన పెనం తోముకోవాలి. తోముదాంలే అనుకుంది. ఏడాదిగా ఆయన నిద్ర గురించి ఊరందరికీ చెప్పుకుంది గానీ, పక్కన తనూ మేలుకునే కూర్చుంటున్నానని ఎవరికీ చెప్పలేదు. తనకే గుర్తు రాలేదు. కళ్ళు బరువెక్కుతున్నాయి.

గేటు దగ్గర ఆటో ఆగింది. "పార్సిల్ ఏదో ఉందన్నారండీ?"

మగతలో కూతురి గొంతు, ఎప్పుడూ లేనంత మెల్లగా వినిపించింది వత్సలకి.

"గట్టిగా మాట్లాడకండి. పార్సిల్ ఏం లేదు. ఇంట్లో వాళ్ళు పడుకున్నారు."