పాన్‌దాన్‌లో దాచిన మాత్రలు

పొద్దున్నే హనీఫా కుంపటి మీద చాయ్ పెట్టింది. వసారాలో అత్త సర్దార్ బీ పాన్‌దాన్ ముందేసుకుని తమలపాకుకు సున్నం, కాచు రాస్తోంది. మారేడ్‌పల్లిలో ఆ గల్లీలో ఒక్క ఇల్లూ తలుపు తీయలేదు. నిజాం సర్కారు లొంగిపోయిందని నిన్న సాయంత్రమే రేడియోలో చెప్పారు. ఇండియన్ యూనియన్ సైన్యం బొల్లారం దాకా వచ్చేసిందని గోడల మీదుగా కబురు పాకింది. రైళ్ల షెడ్డులో పనిచేసే హనీఫా మొగుడు రహీం డ్యూటీకి వెళ్లకుండా కిటికీ సందులోంచి వీధిని చూస్తున్నాడు.

“నిన్న ఛాతీ పట్టేసిందంటిరి అత్తమ్మా. మాత్ర ఏసుకున్నరా?” అంది హనీఫా.

“ఏసుకున్న తియ్యి. నా కొడుకు తిన్నడా లేదా అని ఇట్ల ఎన్నడన్న అడిగినవా?”

హనీఫా నవ్వింది. ఈమధ్య అత్త మాటల్లో పదును తగ్గింది. ఆ మాత్రల మీద ఇంట్లో ఎంత రభస జరిగిందో తలుచుకుంటే ఇది పండగే.

ఎండాకాలంలో నీళ్ల బిందె ఎత్తుతుంటే సర్దార్ బీకి గుండె మీద బండ పెట్టినట్టయింది. హకీం లేహ్యంతో తగ్గలేదు. మొగుడు వద్దంటున్నా హనీఫానే పట్టుబట్టి కంటోన్మెంటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రెండు గోధుమరంగు సీసాల్లో చిన్న మాత్రలిచ్చాడు. నొప్పి రాగానే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు అన్నాడు. మొదటిసారి నొప్పి ఇట్టే పోయింది కానీ మొహం ఆవిరి కొట్టినట్టయి, తల దిమ్మెత్తిపోయింది.

“నా కోడలు తల పగలగొట్టే మందు తెచ్చింది” అని సర్దార్ బీ వాడంతా చెప్పుకుంది. ఆ మాత్రలు మోరీలో పారేస్తానంది. అందుకే హనీఫా రెండో సీసాను బిరడా తీయకుండా సందుకలో బట్టల కింద దాచింది. కొన్నాళ్లుగా అత్త తలనొప్పి మాటే ఎత్తడం లేదు. మందు ఒంటికి పట్టిందిలే అనుకుంది హనీఫా.

పెద్దరోడ్డు మీద బరువైన బండ్లు కదులుతున్న మోత వినిపించింది. కిటికీ రెక్కలు అదిరాయి.

“రహీం, కిటికీ ఇడిసి ఇవతలికి రా” అంటూ సర్దార్ బీ ఒక్క ఉదుటున లేచి కొడుకు చెయ్యి గుంజింది. అంతలోనే రొమ్ము పట్టుకుని కూలబడింది. పాన్‌దాన్‌లో తడిమి ఏదో తీసి నాలుక కింద పెట్టుకుంది. కాసేపయ్యాక ఇంకొకటి. మొహమంతా చెమట. నొప్పి ఎడమ చేతిలోకి దిగుతోందని సైగ చేసింది.

హనీఫా పెరటి గోడ మీదుగా పిలిస్తే దవాఖానలో నర్సుగా చేసే మార్త పరుగున వచ్చింది. వచ్చీ రాగానే సర్దార్ బీని గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

“మాత్ర పెట్టుకున్నవా అక్కా? నాలిక మీద చురుక్కుమన్నదా?”

“లేదు. కాచు వాసనొస్తున్నది” అంది సర్దార్ బీ, మాట తడబడుతూ.

హనీఫా పాన్‌దాన్ మూత ఎత్తింది. వక్కల గిన్నె పక్కన, లవంగాలతో కలిసి, కాచు అంటి ఎర్రబడిన మాత్రలు. తడి ఆకుల చెమ్మకు కొన్ని మెత్తబడి ఉన్నాయి.

“దీంట్ల పెట్టినంక మాత్ర వేడి పోయింది బిడ్డా. తలనొప్పి రాకుంట చేసుకున్న” అంది సర్దార్ బీ.

“వేడి గాదక్కా, దాని సత్తువే పోయింది” అంది మార్త. “కొత్త మాత్ర ఉన్నదా?”

హనీఫా సందుక దగ్గరికి పరిగెత్తి సీసా తెచ్చింది. రహీం అడ్డం నిలబడ్డాడు.

“ఇప్పటికే రెండు ఏసుకున్నది. నీ జిద్దుతోనే ఇదంతా. ఇంకొకటి ఇస్తే అమ్మకేమన్న అయితే?”

“ఇయ్యకుంటే అయితది. నేను చేతులు కట్టుకొని చూడ. తర్వాత నన్ను పుట్టింటికి తోలు, పోత. ఇప్పుడు జరుగు.”

రహీం మార్త వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

హనీఫా బిరడా లాగి, మాత్ర అత్త నాలుక కింద పెట్టింది. సర్దార్ బీ మొహం చిట్లించింది.

“చురుక్కుమంటున్నది.”

“అననీ. మింగకు” అని ఆమె వెన్ను నిమిరింది మార్త. “నాలిక కింద కరిగి సీదా రక్తంల కలుస్తది. రక్తం పోయే నరాలు బిగుసుకున్నయి గద, గవి వదులైతయి. గుండె మీద బరువు తగ్గుతది. తలకాయలున్న నరాలు సుత వదులైతయి, అందుకే గా తలనొప్పి. గాలి, చెమ్మ తగిలితే మందు సచ్చిపోతది.”

బయట బండ్ల మోత సాగుతూనే ఉంది. సర్దార్ బీ పిడికిలి మెల్లగా విడింది. ఊపిరి నిదానించింది. చెక్కిళ్లు ఎర్రబడ్డాయి. కాసేపటికి రెండు చేతులతో తల పట్టుకుంది.

“యా అల్లా, తల పగులుతున్నది.”

ఆ మాట వినగానే హనీఫా గడప మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“తొవ్వ తెరువంగనే దవాఖానకు తోల్కపోదాం” అంది మార్త. రహీం చల్లారిన చాయ్ మళ్లీ వేడి చేసి, మొదటి కప్పు భార్య చేతికిచ్చాడు. అక్కడే నిలబడిపోయాడు.

“గట్ల నిలబడ్డవేందిరా? పోయి పాన్‌దాన్ కడుగు” అంది సర్దార్ బీ. తర్వాత సీసాను కోడలి వైపు జరిపి, ఆమె ఒళ్లో తల వాల్చింది. “ఇది నీ కాడనే ఉండనీ. జెర గట్టిగ ఒత్తు బిడ్డా. మంచి తలనొప్పి ఇది.”