మెనూలో చెరిపిన మాట

ముమ్మిడివరం దాటాక, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న మిషను ఆసుపత్రికి ఎనభై ఎనిమిది వేసవిలో కంప్యూటరు వచ్చింది. మందుల గది పక్కన, కిటికీకి ఎదురుగా దాన్ని పెట్టి, హైదరాబాదులో మూడు నెలలు నేర్చుకొచ్చిన దానియేలుని కూర్చోబెట్టారు. రోగుల పేర్లు, మంచం నంబర్లు, చేరిన తేదీలు అన్నీ అతను ఒక స్ప్రెడ్‌షీటులో వరసగా ఎక్కించాడు. తను సెలవు పెట్టిన రోజు నర్సులు కూడా వాడుకునేలా ఒక మెనూ తయారుచేశాడు. షీటు చివర, ఎవరూ చూడని మూల, పక్కపక్క గళ్ళలో నాలుగు మాటలు రాశాడు. అడ్మిట్, బెడ్, డిశ్చార్జ్, డెత్. ఒక్కో మాట కింద అది చెయ్యాల్సిన పని. దాన్ని మాక్రో అంటారని చెబితే జ్ఞానమ్మ సిస్టరు నవ్వేసింది.

"పేరేదైతేనేం లెండి. నొక్కితే పనవుద్ది కదండీ?"

"ఆయ్" అన్నాడు దానియేలు.

రెండు మీటలు కలిపి నొక్కితే తెర పైన ఆ నాలుగు మాటలూ వస్తాయి. ఒకదాని మీద వెలుగు పట్టీ నిలబడుతుంది. బాణం మీటతో పట్టీని జరుపుకుని ఎంటర్ కొట్టాలి. అంతే పని.

ఆగస్టులో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం, చూరు నీళ్ళు కిటికీ బయట ధారగా పడుతుంటే, ఎవరూ మీట ముట్టుకోకుండానే మెనూ తెరుచుకుంది. పట్టీ అడ్మిట్ మీంచి బెడ్ మీదికి, అక్కణ్ణుంచి డిశ్చార్జ్ మీదికి, ఆ తరవాత డెత్ మీదికి జరిగింది. షీటులో సింహాద్రి అనే రోగి పేరు పక్కన తేదీ, టైమూ పడ్డాయి. దానియేలు కుర్చీలోంచి లేచేలోపే వార్డులో సింహాద్రి భార్య ఏడుపు అందుకుంది.

నాలుగు రోజుల్లో ముగ్గురు అలాగే పోయారు. ముందు తేదీ పడేది. ఆ తరవాతే ఏడుపు.

దానియేలు ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో మంచం మీద అతని భార్య మార్తమ్మ ఉంది. మూత్రపిండాలు పాడై, ఒళ్ళంతా నీరు పట్టి, ఇరవై రోజులుగా.

ఐదో రోజు పట్టీ మార్తమ్మ కోసం వచ్చింది.

ఆమె పేరు వెలిగింది. పైన మెనూ తెరుచుకుంది. అడ్మిట్... బెడ్...

దానియేలు కంట్రోల్ మీట పట్టుకుని, నడుస్తున్న పనిని ఆపే బ్రేక్ మీట కొట్టాడు. మెనూ పోయింది. షీటు మూలకి వెళ్ళి, డెత్ అన్న గడినీ దాని కిందవన్నీ చెరిపేశాడు. మెనూ మళ్ళీ వచ్చింది. మూడే మాటలు. పట్టీ డిశ్చార్జ్ దాకా వచ్చి, ముందుకి చోటు లేక మొదటికి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. ఏదో వెతుక్కుంటున్నట్టు...

ఆ రోజు నుంచి ఆ ఆసుపత్రిలో ఎవరూ చావలేదు.

మొదటి రెండు రోజులూ ప్రార్థనలో స్తోత్రాలు చెప్పుకున్నారు. మూడో రోజు వాసన మొదలైంది. ఎన్ని బకెట్ల ఫినాయిలు పోసినా పోలేదు. తడిసిన గోడల్లోకి ఇంకింది. దుప్పట్లకి పట్టింది. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగిన కొండయ్య ఛాతీ మీద డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, వరండాలోకి పోయి వాంతి చేసుకున్నారు. గుండె ఆడటం లేదు. కొండయ్య మాత్రం మాట్లాడుతున్నాడు.

"ఇంక పంపేయండి బాబూ... మీ కాళ్ళట్టుకుంటాను..."

తొమ్మిదో రోజుకి మార్తమ్మకి చూపు పోయింది. దానియేలు ఆమె చెయ్యి పట్టుకుని వదిలితే, చర్మం అతని వేళ్ళకి అంటుకుని వచ్చింది.

"ఏవండీ..."

"ఇక్కడే ఉన్నాను మార్తా."

"నన్ను ఆపింది మీరే కదండీ? ఇటు రాలేకపోతున్నాను. అటు పోలేకపోతున్నాను."

"ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో. తగ్గిపోద్ది."

"ఎవరి కోసమండీ?"

అతను ఆమె దుప్పటి సర్ది లేచాడు. ఇంకో ఐదు రోజులు ఆపాడు. అది ప్రేమే అనుకున్నాడు.

ఆ మర్నాడు జ్ఞానమ్మ సిస్టరు వచ్చి, అతని వెనక నిలబడి, తెర వైపు చాలాసేపు చూసింది.

"ఇందులో నాలుగుండాలి కదండీ?" గుసగుసగా అడిగింది.

"ఆయ్."

"పెట్టేయండి. ఆ కేకలు ఇంక నేను వినలేను."

దానియేలు డెత్ అన్న మాటని మళ్ళీ రాశాడు. కింద వరసలన్నీ రాశాడు. చెయ్యి తీసేలోపే పట్టీ పరిగెత్తింది. ఒక పేరు. తేదీ. ఇంకో పేరు. తేదీ. వార్డులో ఒక్కొక్క గొంతే ఆగిపోతూ వచ్చింది. కొండయ్య గొంతూ ఆగింది.

మార్తమ్మ పేరు వెలిగాక మెనూలో పట్టీ నిలబడిపోయింది.

అతను ఎదురుచూశాడు. పట్టీ కదల్లేదు. అడ్మిట్ మీదే ఉంది. వార్డులో ఇప్పుడు మిగిలింది ఒక్క గొంతు.

"ఏవండీ... ఏవండీ..."

బాణం మీట తనే నొక్కాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. కళ్ళు మూసుకుని ఎంటర్ కొట్టాడు.

గొంతు ఆగింది.

సాయంత్రం వానలోనే మార్తమ్మని సమాధి చేశారు. మర్నాడు పొద్దున్నే దానియేలు ఆ షీటు మొత్తం చెరిపేద్దామని వచ్చి కంప్యూటరు వేశాడు. ఆఖరి పేరు కింద ఒక కొత్త వరస ఉంది.

రూతు. నాలుగేళ్ళు. మంచం నంబరు తొమ్మిది.

రూతు అతని కూతురు. గంట క్రితం దానికి జడ వేసి, అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాడు. ఒంట్లో నలతైనా లేదు. చేరిన తేదీ గడిలో రేపటి తేదీ ఉంది.

జ్ఞానమ్మ సిస్టరుని పిలిచాడు. ఆవిడ ఆ మీటలు ముట్టుకోనే లేదంది.

తెర పైన మెనూ దానంతటదే తెరుచుకుంది. ఈసారి అందులో రెండే మాటలు ఉన్నాయి.

అడ్మిట్. డెత్.

మిగతా రెండూ అతను చెరపలేదు.