సమగతి ఆపిన రోజు

"మళ్ళీ టైర్లే అంటారేందండీ! గాలి చూశాం, అటు టైరు ఇటు మార్చాం. అయినా ఎడమకే పోతోంది కదా," అంది హైమవతి కారు షెడ్డు ముందు నిలబడి.

"అయితే రోడ్డు వాలు అయ్యుంటుంది," అన్నాడు ఆమె భర్త కోదండపాణి.

"తెనాలి మొత్తం ఒకవైపుకే వాలిందా?"

పొద్దుట కాఫీల దగ్గర మొదలైన వాదన అది. వరండాలోంచి అత్తగారు రామతులసమ్మ విసుక్కుంది. "ఆ డొక్కును వదిలేసి అందరిలా పిలుపుబండి ఎక్కరాదంట్రా!"

నిజమే, అందరూ పిలవగానే వచ్చి తనంతట తానే నడిచే పిలుపుబండ్లే ఎక్కుతున్నారు. చేత్తో నడిపే కార్లు ఊళ్ళో ఏ కొన్నో మిగిలాయి. వాటికీ సమగతి బిగించారు. బండి పక్కకు లాగినా, చెయ్యి తడబడినా మనిషికి తెలిసేలోపే సరిదిద్దే పరికరం అది. మొదట కార్లలోకి వచ్చింది. తర్వాత గ్లాసుల్లోకి, గరిటెల్లోకి, చొక్కా గుండీల్లోకీ చేరింది. ఈ ఇంట్లో కాఫీ ఒలికి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు.

చేతిచోదన పరీక్షలో మాత్రం సమగతిని ఆపి నడపాలి. ఆ పరీక్ష సోమవారమే. ఇంట్లో ఒక్కరైనా గట్టెక్కకపోతే కారు తుక్కుకు పోతుంది. అభ్యాసం కోసం నిన్న సమగతి ఆపగానే కారు ఎడమకు లాగింది, మలుపులో కింద టకటకమంది.

"పట్టి చూద్దాం పదండి," అంది హైమవతి.

అది పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరికీ అలవాటైన పద్ధతి. ఇంజను ఆపి ఆమె స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతుంది. ఆయన కింద పడుకుని, స్టీరింగు కదలికను చక్రానికి చేర్చే కడ్డీ చివర, కీలు మీద చెయ్యి వేసి ఉంచుతాడు. వదులుంటే చేతికి తెలుస్తుంది.

ఆయన కుడిచేత్తో లైటు పట్టుకుని, ఎడమచెయ్యి కీలు మీద వేశాడు.

"తెలుస్తోందా?"

"ఏమీ లేదు. గట్టిగా ఊపు."

ఊపింది. టక్కుమన్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

"ఇప్పుడు?"

"రాయిలా ఉంది హైమా. ఇది కాదు."

"మీరు లేవండి. నేను పడుకుంటా."

"చీరంతా నూనె అవుతుందే."

"ఉతుక్కుంటాలెండి. లేవండి."

ఆయన స్టీరింగు ఊపగానే కీలు ఆమె అరచేతిలో గెంతింది. "వదులేందండీ, ఊడిపోయేట్టుంటే!" అని నవ్వబోయి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

బయటికొచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. "కళ్ళు మూసుకోండి."

"ఏంది, ఈ వయసులో సరసమా?"

"మూసుకోండి." చిటికెన వేలును గట్టిగా నొక్కింది. "ఏ వేలు పట్టుకున్నాను?"

"ఇంకా పట్టుకోలేదుగా నువ్వు."

ఆయన కళ్ళు తెరిచి, వేలి మీద గోటి గుర్తు చూసుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏమో. గ్లాసు జారలేదు, గుండీ తప్పలేదు. ఎట్టా తెలుస్తుంది?" అన్నాడు. "ఎవరికీ చెప్పకు. కీలు మార్చి పరీక్ష గట్టెక్కుతా."

"కీలు మారుద్దాం. తర్వాత సంగతి మీరు నడిపి చూశాకే చెప్పండి."

మధ్యాహ్నానికి కొత్త కీలు బిగించి, ముందు చక్రాల వరస సరిచూసుకున్నారు. సమగతి ఆపి హైమవతి నడిపితే కారు గీత గీసినట్టు పోయింది. తర్వాత ఆమె పక్క సీట్లోకి మారితే ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. తిన్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. కాలవ మలుపులో స్టీరింగు ఎడమచేతిలోంచి జారిపోయింది. జారినట్టు ఆయనకు తెలియలేదు. కారు గట్టు అంచుకు వెళ్ళాక కుడిచేత్తో లాగి నిలిపాడు. ఆయనే దిగి, ఆమె వైపు వచ్చి తలుపు తీశాడు. "నువ్వు పోనియ్. సోమవారం కూడా," అన్నాడు.

సాయంత్రం కూతురు నీహార ఆఫీసు నుంచి వచ్చింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు.

"కారు బాగైందా నాన్నా?"

"కారు బాగైంది." కోదండపాణి తల్లి వైపు, తర్వాత కూతురి వైపు చూశాడు. గొంతు పెంచలేదు. "నా ఎడమచెయ్యి మొద్దుబారింది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. సోమవారం పరీక్షకు మీ అమ్మ కూర్చుంటోంది. నడపమని నేనే అడిగాను."