అరపూట దీపం

ఊర్మిళ అరచేతిని స్తంభానికి ఆనించి దీపం నాడి చూసింది. లోపల సన్నగా, నిలకడగా కొట్టుకుంటోంది. రాత్రంతా వాన పడింది. దీపం చెవిలోకి నీళ్లు చేరాయేమోనని జల్లెడ మూత విప్పి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగించింది. దీపానికి కన్ను మసకబారినా ఎలాగో నెట్టుకు రావచ్చు గానీ చెవి పోతే కొంప మునిగినట్టే. చింతలవాగు బడి గంట వింటేనే అది లేస్తుంది, ఆ గంట వింటేనో, ఆమె అరచేయి చెబితేనో పడుకుంటుంది.

ఆమెకు రెండు బారల దూరంలో ప్రవాహం పోతోంది. తూర్పు గోదాముల నుంచి పడమటి నగరానికి, తోలేవాళ్లు లేని సరుకు వాహినులు ఒకదాని వెనుక ఒకటి, నడుమ పిల్లి దూరే సందు కూడా లేకుండా. వాటికి మనుషులు కనబడరు. మొదట్లో కనబడేవారట. కడుపు మండినవాళ్లంతా వచ్చి దారికి అడ్డంగా కూర్చునేవారు, ప్రవాహం ఆగిపోయేది. విసుగెత్తి, ప్రవాహాన్ని నడిపే మండలి వాళ్లు వాహినుల కళ్లు తీసేశారు. ఇప్పుడు వాటికి తెలిసినవి రెండే, ముందు పోయే వాహిని, దారిపక్కన వెలిగే దీపం. దీపం వెలిగితే ఆగుతాయి, ఆరితే కదులుతాయి. మిగతా లోకమంతా వాటి లెక్కలో గాలి.

ఊరు ఉత్తరం గట్టున, బడి దక్షిణం గట్టున. దాటడానికి మండలి ఒక సొరంగం తవ్వించింది, అదీ వాగు పక్కన. వానాకాలమంతా అందులో నడుములోతు నీళ్లు. అందుకే పిల్లలు బడికి ఎదురుగానే, పైనుంచే దాటేవాళ్లు. దీపం రాకముందు ఒక్క బడి ఏడాది కూడా స్పర్శ లేకుండా గడవలేదు. వాహిని మనిషిని గుద్దితే దాన్ని స్పర్శ అనడం మండలి మాట. ఆ మాట పుట్టించినవాడెవడో గానీ, నెత్తురు మరక అంటకుండా పుట్టించాడు.

దీపం రోజంతా వెలగాలని ఊరివాళ్లు అడిగారు. మండలి నవ్వింది. చివరికి బడి మొదలయ్యే వేళ కాసేపు, విడిచే వేళ కాసేపు వెలిగే అరపూట దీపం ఇస్తామని, అదీ ముందు చింతలవాగులో పరీక్షించాకే మిగతా బడులకు నాటుతామని చెప్పింది. పరీక్షకురాలిగా ఊర్మిళను పంపింది. ఇవాళ ఆఖరి ఉదయం. దీపం లేచి, పిల్లలు దాటి, దీపం పడుకున్నాక ఆమె నోటితో సమ్మతి చెప్పాలి. అంతటితో పని అయిపోతుంది.

"ఊర్మిళ గారూ, నాడి ఎట్లుంది?" చెవిలో జయసింహ గొంతు పలికింది. మండలి భవనంలో కూర్చుని ఆమె పనిని చూసుకునే పర్యవేక్షకుడు.

"బాగుంది సార్."

"ఇయ్యాల్టితో గట్టెక్కినట్టే. మీ సమ్మతి రాగానే మిగతా బడులకు స్తంభాలు కదుల్తాయి. బండ్లల్ల ఎక్కించి రెడీగ పెట్టినం."

బడి గేటులోంచి సుభద్ర టీచర్ వస్తోంది. పెద్ద టీచరమ్మ. చేతిలో సుత్తె. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కే ఆ బడి గంట. నిరుడు దీపాన్ని గడియారానికి ముడిపెడదామని మండలి వాళ్లంటే ఈవిడే ఒప్పుకోలేదు. వాన పడితే ప్రార్థన ఆలస్యమవుతుంది, పరీక్షలప్పుడు బడి ముందే మొదలవుతుంది, బడి సమయం బడికి తెలుస్తుంది గానీ గడియారానికేం తెలుస్తుందని వాదించింది. సబబుగానే ఉందని ఊర్మిళ కూడా వంత పాడింది. అలా ఆ ఇనుపముక్క మోతను దీపం చెవికి నేర్పారు. మొదటి గంటకు లేవాలి. ప్రార్థన అయ్యాక కొట్టే పొడుగు గంటకు పడుకోవాలి.

"నమస్తే మేడం," అంది సుభద్ర టీచర్. ఈ వారంలో ఆవిడ ముఖం చిక్కిపోయింది. "ఇయ్యాల్టితోటి అయిపోతదట గదా."

"అవును టీచర్."

"గేటు మాత్రం ఏస్తలేను. ఆ దినం సంది తెరిచే ఉంచుతున్న. ఆలస్యమొచ్చినా ఏమనమని పోరగాండ్లకు మస్తు సార్లు చెప్పిన. అయినా గంట ఇంటే ఉరుకుడే మేడం. కాళ్లు ఆగవు వాళ్లకు."

ఊర్మిళకు కూడా ఆగేవి కావు, చిన్నప్పుడు. పొడుగు గంట మోగాక గేటు బయట చిక్కుకుంటే ఇంటర్వెల్ దాకా మోకాళ్ల మీద నిలబడాల్సిందే. ఈ నేల మీద సర్కారు బడిలో చదివినవాళ్లెవరైనా ఆ మోత వింటే ముందు పరిగెత్తుతారు, తర్వాతే ఆలోచిస్తారు. ఆ సంగతి సుభద్ర టీచర్‌కు తెలుసు, ఊర్మిళకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. దీపానికి గంటను ముడిపెట్టిన రోజున మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

పోయిన వారం చందన అనే పిల్ల పళ్లెం మరిచిపోయి సగం దారిలోంచి ఇంటికి వెనక్కి వెళ్లింది. మధ్యాహ్నం అన్నానికి ఎవరి పళ్లెం వాళ్లే తెచ్చుకోవాలి. ఆ పిల్లది కొత్త స్టీలు పళ్లెం, అంచు మీద పేరు చెక్కించారు. ఇవతల బడిలో ప్రార్థన అయింది. సుభద్ర టీచర్ అలవాటు చొప్పున "అందరొచ్చిండ్రా?" అని అడిగింది. పిల్లలూ అలవాటు చొప్పున, పక్కకైనా చూడకుండా, "వచ్చినం టీచర్!" అని అరిచారు. ప్రార్థనకు తోకలాంటిది ఆ అరుపు, దానికి ఎవరూ అర్థం వెతుక్కోరు. టీచర్ పొడుగు గంట కొట్టింది.

ఆ మోత విని దీపం పడుకుంది. అదే మోత విని అవతలి గట్టు మీది పిల్ల పరిగెత్తింది.

ఊర్మిళ స్తంభం దగ్గరే ఉంది. అరిచింది. ఆగిన వాహినులన్నీ ఒక్కసారిగా కదిలే హోరులో ఆ అరుపు ఆమెకే వినబడలేదు. ఆమె అరచేయి దీపాన్ని పడుకోబెట్టగలదు గానీ లేపలేదు. చేతనైంది ఆ అరుపొక్కటే, అదీ పనికి రాలేదు. పళ్లెం మాత్రం దొర్లుకుంటూ ఇవతలి గట్టుకు వచ్చి, గేటు ముందు గిరగిరా తిరిగి పడిపోయింది.

ఆ సాయంత్రం మండలి నుంచి తీర్పు వచ్చింది. దీపకాలంలో స్పర్శ, సున్నా. బాహ్యకాలంలో స్పర్శ, ఒకటి. పరీక్షకు సంబంధం లేనిది. ఊర్మిళ గొంతు చించుకుంది. జయసింహ ఓపిగ్గా విన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. "దీపం వెలిగినంతసేపు ఎవ్వరికీ ఏం కాలేదు గదమ్మా. దీపం తప్పేముంది?" అన్నాడు.

ఇవాళ్టి మొదటి గంట కొట్టింది సుభద్ర టీచర్. దీపం ఎర్రగా లేచింది. ప్రవాహం ముందు మూలిగి, తర్వాత నెమ్మదించి, గీత దగ్గర నిలిచిపోయింది. అవతలి గట్టు నుంచి పిల్లలు సంచులు ఊపుకుంటూ, తోసుకుంటూ, వాహినుల ముక్కుల ముందునుంచి దాటారు. ఒకడు ఆగి ఒక వాహినిని వెక్కిరించాడు. దాటినవాళ్లంతా ఆవరణలో వరుసలు కట్టారు.

"సార్," అంది ఊర్మిళ. "ఇంకొక్కసారి అడుగుతున్న. గంటకూ దీపం నిద్రకూ నడుమ కొంచెం ఎడం పెట్టండి. ఆఖరున వచ్చేవాళ్లు దాటేంత."

"మళ్లీ అదే మాటనా?" జయసింహ నిట్టూర్చాడు. "ఎడం పెడితే దీపం మారినట్టు. మారితే పరీక్ష మొదటికొస్తది. అప్పటిదాకా మిగతా బడులకు ఏ దీపమూ ఉండదు. అక్కడ పొద్దున మాపున దాటుతున్న పిల్లల సంగతేంది? ఈ దీపంతో వందమంది బతుకుతరు. ఎప్పుడన్నా ఒకరు..."

ఊర్మిళ కళ్లు మూసుకుంది. అతను చెప్పింది అబద్ధమైతే ఎంత బాగుండేది! సమ్మతి ఇస్తే ప్రతి బడి ముందూ ఇలాంటి స్తంభమే లేస్తుంది, ప్రతి ఊళ్లోనూ గంట విని ఒక పిల్ల పరిగెత్తుతుంది. ఇవ్వకపోతే ఏ ఊళ్లోనూ ఏ దీపమూ ఉండదు. రెండు వైపులా పిల్లలే. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

ప్రార్థన అయింది. సుభద్ర టీచర్ సుత్తె పట్టుకుని చెట్టు కిందకు వచ్చింది. వారం రోజులుగా ఆ ప్రశ్న అడగడం మానేసింది, మౌనంగా గంట కొట్టి లోపలికి వెళ్లిపోతోంది. ఇవాళ ఏమనిపించిందో, పిల్లలవైపు తిరిగింది.

"అందరొచ్చిండ్రా?"

ఎవరూ అరవలేదు. వరుసలన్నీ నేల చూపులు చూశాయి. మూడో వరుసలోంచి మేఘమాల అనే పిల్ల, చందన పక్కన కూర్చునేది, మెల్లగా అంది.

"చందన రాలే టీచర్."

సుభద్ర టీచర్ చేయి లేచింది గానీ పట్టా దాకా వెళ్లలేదు. ఆవిడ నడిచి వచ్చి సుత్తెను ఊర్మిళకు అందించింది. "నాతోటి గాదు మేడం. మీరే కొట్టుండ్రి," అని గేటు పట్టుకుని కూలబడింది.

"గంట మోగలేదేంది?" చెవిలో జయసింహ. "ప్రవాహం జిల్లా సరిహద్దు దాకా ఆగింది. ఏమైంది?"

ఊర్మిళ సుత్తెను చేతిలో తూచి చూసింది. పిడి అరిగి నున్నగా ఉంది. వేపచెట్టు వైపు ఒక అడుగు వేసింది. అక్కడే ఆగిపోయింది. పరీక్ష నియమాలు ఆమెకు కంఠతా వచ్చు, వాటిలో సగం తను రాసినవే. దీపం పడుకునేదాకా పరీక్ష ముగిసినట్టు కాదు. పరీక్ష ముగిసేదాకా మండలి దీపం మీద చేయి వేయరాదు. దాన్ని పడుకోబెట్టగలిగేవి ఈ గంట, తన అరచేయి. అంతే.

ఆమె స్తంభం మొదట్లో, తడి అరుగు మీద కూర్చుంది. సుత్తెను ఒళ్లో పెట్టుకుంది.

"బడి ఇంకా మొదలవ్వలేదు సార్," అంది. "పిల్లలందరూ రాలేదు."

"ఎవరు రాలేదు?"

"చందన."

జయసింహ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు చెవిలో వినబడింది.

"ఊర్మిళా," అన్నాడు. గారు ఎగిరిపోయింది. "ఆ ప్రవాహంలో మందులున్నయి. ఆస్పత్రులకు పోవాల్సినయి. ఎవరి పిల్లలకో అందాల్సినయి. నీకు తెలుస్తుందా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఒళ్లో సుత్తె బరువెక్కింది. "తెలుసు సార్," అంది. "మందుల వాహినులను పాత దారికి మళ్లించండి. మీ చేతిలో పనే. గుంతలుంటయి, కొంచెం నెమ్మదిగ పోతయి."

"అరచేత్తో పడుకోబెట్టు. ఇది ఆజ్ఞ. లేకపోతే నీ అరచేతి హక్కు తీసేస్త."

"తీసేస్తే దాన్ని పడుకోబెట్టేవాళ్లు ఇంకెవరూ ఉండరు సార్."

అతనికి అది అప్పుడే తట్టినట్టుంది. ఏదో తిట్టబోయి మింగేశాడు.

హోరు లేకపోవడంతో వాగు చప్పుడు వినబడసాగింది. ఇంత దగ్గరలో వాగు పారుతోందని పిల్లల్లో కొందరికి ఇవాళే తెలిసింది. ఎర్రదీపం కింద వాహినులు కంటికి ఆనినంత దూరం నిలబడిపోయాయి, వాటి వీపుల మీది వాననీళ్లు ఆవిరవుతున్నాయి. అవతలి గట్టుకు ఊరి జనం ఒక్కొక్కరే వచ్చి చేరారు. మొదట ఎవరూ కిందికి దిగలేదు. తర్వాత ఒక ఆడమనిషి దిగింది. చందన తల్లి. కాళ్లకు చెప్పులైనా లేకుండా, ఎవరినీ చూడకుండా, వాహినుల ముందు నుంచి నడిచి సరిగ్గా దారి నడుమ ఆగింది. వంగి అక్కడి నేలను అరచేత్తో తడిమింది. వారంగా ఆమెను అక్కడ అడుగు పెట్టనిచ్చినవాళ్లు లేరు.

సుభద్ర టీచర్ లేచి లోపలికి వెళ్లి, స్టీలు పళ్లెం తెచ్చి, ఆమె దగ్గరికి నడిచింది. ఇద్దరూ దారి మధ్యనే కూర్చున్నారు. ఊరివాళ్లు కూడా ఒక్కొక్కరే దిగసాగారు.

"ఇంకా ఎంతసేపు ఊర్మిళా?" జయసింహ గొంతు ఈసారి చిన్నదైపోయింది. "నగరం నుంచి అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?"

ఊర్మిళ వీపును స్తంభానికి ఆనించింది. లోపల నాడి నిలకడగా కొట్టుకుంటోంది.

"ఒక పిల్ల రావాలని చెప్పండి," అంది. "వచ్చినాక గంట కొడతం."