నలభై ఒకటో బెలూన్

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలు.

వారపత్రిక ఎడిటర్ భోజనం ముగించుకుని వచ్చాడు. బల్ల సొరుగు లాగి, కవరులోంచి ఎనిమిది పేజీలు బయటికి తీశాడు.

పేజీల నిండా కన్నాలు!

బొమ్మలు ఉన్నాయి. మాటలు లేవు. మనుషుల తలల పక్కన మాటలుండే తెల్లటి బెలూన్లను ఎవరో బ్లేడుతో కోసి పట్టుకుపోయారు. సైకిల్ తొక్కుతున్న హీరో నోరు తెరిచి ఉన్నాడు. ఏమంటున్నాడో తెలియదు. అతని మాట ఉండాల్సిన చోట ఎడిటర్ బల్ల కనిపిస్తోంది.

పోలీస్ స్టేషన్ ఎదురు బిల్డింగే. ఎడిటర్ ఫోన్ కూడా చేయకుండా రోడ్డు దాటి పరుగెత్తాడు. రెండుంపావుకల్లా ఇన్‌స్పెక్టర్ ఆ గదిలో ఉంది.

ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు. రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగి తను పట్టుకున్న దొంగ పక్కన, పొద్దుటి పేపర్లో పై ఆఫీసరు నిలబడి ఫొటో దిగాడు. ఆమె పేరు ఏ మూలా లేదు.

"ఏమిటివి?" అని అడిగింది.

"'రెక్కల సైకిల్' మేడం. ఇరవై రెండేళ్ల బొమ్మల కథ. ఇది ఆఖరి భాగం. ఈ సంచికతో పత్రిక కూడా మూసేస్తున్నాం. ఐదింటికి ప్రెస్ వ్యాన్ వస్తుంది. ఇవి వెళ్లకపోతే కథకి ముగింపే ఉండదు."

"పేజీలు ఎప్పుడొచ్చాయి?"

"పదకొండింటికి. ఆర్టిస్ట్ తెచ్చిచ్చాడు. లెక్కపెట్టి సొరుగులో పెట్టాను."

"చదివారా?"

"లేదు. స్క్రిప్ట్ ముందే చదివేశాను కదా."

"సొరుగుకి తాళం?"

"ఇరవై రెండేళ్లుగా వెయ్యలేదు మేడం."

ఎడిటర్ భోజనానికి వెళ్లింది పన్నెండూ యాభై ఐదుకి. ఆ తర్వాత వాచ్‌మన్ రిజిస్టర్‌లో ముగ్గురే ఉన్నారు. ఒంటి గంటా పదికి ఆర్టిస్ట్. ఒంటి గంటా ఇరవైకి రచయిత. ఒంటి గంటా నలభైకి లెటరింగ్ అక్క, అంటే బెలూన్లలో మాటలు చేత్తో రాసే మనిషి. ముగ్గురూ ఇంకా బిల్డింగ్‌లోనే ఉన్నారు.

"ఇందులో తేల్చడానికి ఏముంది మేడం? ఆర్టిస్టే. ఈ కత్తి అతని డ్రాయర్‌లో ఉంది. మొనకి కాగితం పొడి చూడండి. మాటలంటే అతనికి అస్సలు పడదు," అన్నాడు ఎడిటర్ కత్తి చూపిస్తూ.

"ఎవరి మాటలు?"

"బావగారివి."

అప్పుడు తెలిసింది ఆ ఇంటి భాగోతం. రచయిత, ఆర్టిస్ట్ బావా బావమరుదులు. లెటరింగ్ అక్క ఒకరికి భార్య, ఇంకొకరికి తోడబుట్టిన అక్క. ఆఫీసులో అందరికీ అక్కే. మగవాళ్ళిద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు. పాఠకుల ఉత్తరాలు పద్నాలుగు వస్తే పదకొండు బొమ్మలనే మెచ్చుకున్నాయని రచయితకు కుళ్ళు. అట్ట మీద తన పేరు బావ పేరు కింద వస్తోందని ఆర్టిస్ట్‌కు మంట.

ముగ్గుర్నీ గదిలోకి పిలిచారు.

ఇన్‌స్పెక్టర్ ఆర్టిస్ట్ వైపు తిరిగింది. "ఒంటి గంటా పదికి ఎందుకొచ్చారు?"

"అట్ట బొమ్మకి రంగులు వెయ్యడానికి."

"ఈ కత్తి మీదేనా?"

"నాదే. డ్రాయర్‌లో పడుంటుంది. కావాల్సినవాళ్ళు తీసుకుంటారు."

"మాటలంటే మీకు పడదట?"

"పడదు. దాచుకునేదేముంది? వర్షం గీస్తాను. దాని మీద 'అబ్బ, ఏం వర్షం!' అని బావ రాస్తాడు. నేను గీసింది మరేమిటి? సగం ఆకాశం ఆ మాటల కిందే పోతుంది."

రచయిత అతని వైపు చూడలేదు. భార్య వైపు తిరిగి అన్నాడు. "మీ తమ్ముడికి చెప్పు. నేను వర్షం అని రాయకపోతే జనం వెదురు కర్రలనుకుంటారు."

"అక్కా, బావకి చెప్పు. ఉత్తరాలు రాసేవాళ్ళు అలా అనుకోవడం లేదు."

"మధ్యలో ఆవిడ ఏమిటి, మీ పోస్టాఫీసా?" ఇన్‌స్పెక్టర్ విసుక్కుంది. "రచయితగారూ, మీరెందుకొచ్చారు?"

"పాఠకుల ఉత్తరాలు చూద్దామని."

"ఈ పేజీలు చూశారా?"

"స్క్రిప్ట్ ఇచ్చాక నేను బొమ్మలు చూడను. అచ్చయ్యాకే చూస్తాను. చూస్తే కళ్ళు మండుతాయి." కళ్ళజోడు తీసి అలాగే చొక్కా జేబులో వేసుకున్నాడు. కళ్ళజోడు పెట్టె ఎడమ చేతిలోనే ఉంది.

ఇంతవరకూ అక్క నోరు విప్పలేదు. ఆమె కుడిచేతి మధ్యవేలికి సిరా మరక ఉంది. ఇరవై రెండేళ్ల మరక అది, ఇక పోదు. ఎడిటర్ గదిలోని గోడ గడియారం చూసి ఇప్పుడు అంది. "ఎవరు కోశారన్నది వదిలెయ్యండి మేడం. స్క్రిప్ట్ ఉంది. కన్నాలకి వెనక నుంచి కాగితం అతికించి మళ్ళీ రాసిస్తాను. నలభై బెలూన్లు. గంటన్నర చాలు."

"మీ తమ్ముణ్ణి కాపాడుతున్నారా?"

అక్క మళ్ళీ గడియారం వైపు చూసింది.

రెండూ నలభై. "పావుగంట ఆగండి," అని ఇన్‌స్పెక్టర్ ముగ్గుర్నీ బయట కూర్చోబెట్టింది.

కారిడార్ చివర వాష్‌బేసిన్‌లో నీళ్లు పోవడం లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి లోపలికి వేళ్లు పెట్టింది. తెల్లటి గుజ్జు ముద్ద వచ్చింది. అందులో నల్లటి చారలు. మాటలు దొరికాయి కానీ, చదవడానికి ఒక్క అక్షరం మిగల్లేదు.

తిరిగొచ్చి ఎడిటర్‌ని అడిగింది. "ముందు ఏది వేస్తారు? బొమ్మలా, మాటలా?"

"ముందు ఆర్టిస్ట్ పెన్సిల్‌తో గీస్తాడు. బెలూన్లకి చోటు వదులుతాడు. పేజీలు అక్క దగ్గరికెళ్తాయి. ఆవిడ మాటలు సిరాతో రాస్తుంది. అప్పుడు మళ్ళీ ఆర్టిస్ట్ దగ్గరికొస్తే బొమ్మకి సిరా వేస్తాడు."

"అంటే సిరా ముందు పడేది మాటలకే."

"మా దగ్గర మొదట్నుంచీ అంతే మేడం."

ఇన్‌స్పెక్టర్ పేజీలు బల్ల మీద పరిచి, కన్నాలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. స్క్రిప్ట్ తెప్పించింది. ప్రతి మాటకూ పక్కన నంబరు ఉంది. చివరి నంబరు దగ్గర వేలు ఆగింది.

రెండూ యాభై ఎనిమిదికి అందర్నీ లోపలికి పిలిచింది.

"స్క్రిప్ట్‌లో మాటలు నలభై. కన్నాలు నలభై ఒకటి."

అక్క తల దించుకుంది.

"మాటల మీద కోపంతో కోస్తే నలభై కన్నాలే ఉండాలి. ఎక్కువగా ఉన్నది చివరి పేజీలో, చివరి ఫ్రేమ్‌లో ఉంది. అక్కడ స్క్రిప్ట్ ఏమంటోంది? 'గోడకి ఆనించిన సైకిల్. మనిషి లేడు. మాటలు లేవు.' మాటలే లేని చోట ఏం కోశారు?"

"బొమ్మ కోసుంటారు," అన్నాడు ఎడిటర్.

"గోడ మీద ఇటుకల గీతలు చూడండి. కన్నం అంచుని ఒక్కటీ తాకలేదు. గింజంత దూరంలో ఆగిపోయాయి. బొమ్మ కోస్తే గీత తెగుతుంది, ముందే ఆగదు. సిరా వేసేటప్పటికే అక్కడ మాటలున్నాయి. వాటికి ఆర్టిస్ట్‌గారు చోటు వదిలారు. మిగతా నలభైకీ ఇంత ధారాళంగా వదల్లేదు."

ఆర్టిస్ట్ గొణిగాడు. "అక్క అడిగింది. వదిలాను."

"రాసిన మనిషికి అది అక్కడుందని తెలుసు. చోటు వదిలిన మనిషికీ తెలుసు. ఎడిటర్‌గారు పేజీలు చదవనే లేదు. ఇక చూసి ఉలిక్కిపడేది ఒక్కరే. 'మాటలు లేవు' అని రాసినవారు."

ఎడిటర్ రచయిత వైపు తిరిగాడు.

"ఒక్కటే కోస్తే పేరు పెట్టి చూపించినట్టే. అందుకని బావమరిది కత్తి తీసుకుని నలభై ఒకటీ కోశారు. నింద అటు పోతుందని. మీ నలభై హడావుడిగా కోశారు. కుక్క చెవి తెగింది, హీరో భుజం తెగింది. ఆర్టిస్ట్ అయితే తన బొమ్మని అలా కోసుకుంటాడా? నలభై ఒకటోది మాత్రం చుట్టూ తెల్ల అంచు వదిలి, ఆగి ఆగి కోశారు."

"ఇవన్నీ ఊహలు," అన్నాడు రచయిత.

"అయితే ఆ కళ్ళజోడు పెట్టె తెరవండి. ఇందాకట్నుంచి చూస్తున్నాను. కళ్ళజోడు జేబులో పడేస్తున్నారు, పెట్టె మాత్రం చేతిలోంచి దింపడం లేదు."

పెట్టె తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

లోపల చిన్న కాగితం ముక్క. ఎక్కడా మడత లేదు. ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసి కన్నంలో పెట్టింది. సరిగ్గా కూర్చుంది. బెలూన్ తోక గోడ వెనక్కి, బొమ్మలో లేని మనిషి వైపు తిరిగి ఉంది. లోపల రెండే వాక్యాలు.

'గాలి కొట్టి ఉంచాను. ఎవరైనా ఎక్కండి.'

ఇన్‌స్పెక్టర్ ముక్క తీసి చూసింది. హీరో చచ్చిపోయినట్టే ఉంది. మళ్ళీ పెట్టి చూసింది. అతను గోడ పక్కనే ఉన్నాడు, చేతులు తుడుచుకుంటూ ఉండి ఉంటాడు. బొమ్మలో ఒక్క గీత మారలేదు.

"నెల రోజులు కూర్చున్నాను ఆ ఫ్రేమ్ ముందు," అన్నాడు రచయిత. "ఒక్క మాట రాలేదు. మాటలు లేకపోవడమే గొప్పని ఊరంతా చెప్పుకున్నాను. ఇవాళ సొరుగు తీసింది, వీడు నా మౌనాన్ని పాడుచేశాడేమో చూద్దామని. చూస్తే ఇది. వీడు కాదని చదవగానే తెలిసింది. వీడికి రెండు వాక్యాలు కలపడం రాదు."

"బావా!" అన్నాడు ఆర్టిస్ట్.

"బొమ్మలు నావి కావు. ఉత్తరాలు నావి కావు. మాటలైనా నావనుకున్నాను. వంటింటి బల్ల మీద నా మాటలు దించి రాసే మనిషి..." భార్య వైపు చూడలేకపోయాడు. "ఓర్వలేకపోయాను. నా నలభై నీళ్లలో వేశాను. దాన్ని వెయ్యబోతే చెయ్యి రాలేదు."

భార్యని మెల్లగా అడిగాడు. "నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేసేవారు?" అంది అక్క.

అతను ఆలోచించాడు. "మార్చేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

మూడూ పది. కేసు పెడతారా అని ఇన్‌స్పెక్టర్ అడిగింది. "ముందు జిగురు తేనివ్వండి మేడం," అంటూ ఎడిటర్ పరుగెత్తాడు.

రచయిత స్క్రిప్ట్ చదివాడు. అక్క రాసింది. ఆర్టిస్ట్ తెగిన చోట్ల సిరా అద్దాడు.

"ఆ చెవి కొంచెం కిందికి," అన్నాడు రచయిత. ఎనిమిది నెలల్లో నేరుగా అన్న మొదటి మాట అది.

"నాకు తెలుసు," అన్నాడు ఆర్టిస్ట్. అయినా కిందికే గీశాడు.

నాలుగూ నలభైకి నలభయ్యో బెలూన్ పూర్తయింది. నలభై ఒకటోదాన్ని రచయితే అతికించాడు. ఎక్కడా వంకర పోలేదు.

ఇన్‌స్పెక్టర్ మొదటి పేజీ తీసి చూసింది. పైన రెండు పేర్లు ఉన్నాయి. 'కథ, మాటలు' అని ఒకటి, 'బొమ్మలు' అని ఒకటి. రెండూ అక్క చేతిరాతే. పొద్దుటి పేపర్లో ఫొటో మళ్ళీ కళ్ళ ముందు ఆడింది.

"ఆఖరి మాట ఎవరు రాశారో ఎక్కడా లేదేం?" అంది.

కింద వ్యాన్ హారన్ వినిపించింది.

"నా పేరు తీసెయ్," అన్నాడు రచయిత. తియ్యొద్దని ఎవరైనా అంటారేమోనని ఒక క్షణం ఆగాడు కూడా.

"తియ్యను. కొంచెం జరగండి, చాలు," అంది అక్క.

తెల్లరంగు తీసి భర్త పేరు మీద పూసింది. ఆరనిచ్చింది. అదే చోట, అదే గీత మీద, అతని పేరు సగం సైజులో మళ్ళీ రాసింది. పక్కన మిగిలిన సగంలో తన పేరు రాసింది. ఇరవై రెండేళ్లుగా వంకరపోని ఆ రాత తన పేరు దగ్గర కొద్దిగా వంకరపోయింది.

రచయిత ఆ రెండు పేర్లూ చూశాడు. తన పేరు ఎంత చిన్నదైందో చూశాడు. మింగుడు పడలేదు. అది అతని ముఖంలో అందరికీ కనిపించింది. అయినా వ్యాన్ ఇంకోసారి హారన్ కొడుతున్నా, ఆ సిరా ఆరేదాకా పేజీ చివర్లు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.